ఏడు రంగుల కొండకు ఒక రోజు టూరు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9న మనం ఏటా కలుస్తాం. థింసా ఆడతాం, మన హక్కుల గురించి, మన వీరుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి సంఘం వాళ్ళు నన్ను పిలిచి, "మేడమ్, కుర్రాళ్ళకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. అందుకని ఈ అరగంటలో మిమ్మల్ని ఒక టూరుకు తీసుకెళ్తాను. తెల్లవారుజామున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చే టూరు. దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశం ఉంది. అక్కడ కుస్కో నగరానికి దూరంగా వినికుంకా అనే కొండ ఉంది. ఏడు రంగుల కొండ అంటారు. మీలో చాలామంది ఫోనుల్లో ఆ ఫోటో చూసే ఉంటారు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారలతో చీర ఆరేసినట్టు ఉంటుంది. నేను వెళ్ళి చూడలేదు. వార్డెన్ జీతంతో పెరూ వెళ్ళడం మాటలా? చదివి, వీడియోలు చూసి, మా హాస్టల్‌లో ఉన్న ప్రపంచ పటం ముందు పెట్టుకొని తెలుసుకున్నది చెప్తున్నాను.

ఈ కొండే ఎందుకంటే, అది క్వెచువా ఆదివాసులు అల్పాకాలు మేపుకునే కొండ. పదేళ్ళ కిందటి వరకు బయటి లోకానికి దాని పేరు కూడా తెలియదు. 2015 ప్రాంతం నుంచి ఒక్కసారిగా జనం విరగబడ్డారు. మన దగ్గర వంజంగి కూడా అలాగే కదా పేరు పొందింది! మేఘాల సముద్రం ఫోటో ఒకటి ఫోనుల్లో తిరిగింది, అంతే, శనివారం రాత్రి విశాఖ నుంచి కార్లు బారులు కట్టాయి. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో జీపు తోలేవాళ్ళున్నారు, కొండ కింద టీ, బొంగు చికెన్ అమ్మేవాళ్ళున్నారు. మీకు ఎదురైనవన్నీ వాళ్ళకూ ఎదురయ్యాయి. వాళ్ళ అనుభవం మనకు పాఠ్యపుస్తకం లాంటిది.

సరే, బయల్దేరదాం.

తెల్లవారుజామున మూడున్నర, నాలుగింటికి వ్యాను కుస్కోలో హోటల్ గుమ్మం దగ్గరికి వస్తుంది. కుస్కో ఒకప్పుడు ఇంకా రాజుల రాజధాని. సముద్రమట్టానికి 3,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. మన అర్మకొండ ఎత్తు తెలుసా? 1,680 మీటర్లు. మన జిల్లాలో ఎత్తైన కొండ కొన మీద ఇంకో అర్మకొండ పెడితే, అప్పటికి వాళ్ళ ఊరి బస్టాండు వస్తుంది. ఇక కొండ సంగతి చూడండి. వినికుంకా 5,000 మీటర్లు దాటుతుంది. అంటే మూడు అర్మకొండలు.

కుస్కో నుంచి దాదాపు మూడు గంటల ప్రయాణం. దారిలో కుసిపాట అనే ఊళ్ళో ఆపి టిఫిన్ పెడతారు. రొట్టె, గుడ్డు, వేడి వేడి కోకా ఆకు టీ. ఈ కోకా ఆకు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి, ముందు వరసలో పిల్లలున్నారు కాబట్టి తప్పదు. ఆ ఆకు నుంచే కొకైన్ అనే మత్తుమందు తీస్తారు. కానీ ఆకును నమలడం, టీ కాచుకోవడం ఆండీస్ కొండల్లో వేల ఏళ్ళ అలవాటు. పొలం పనిలో, మొక్కుల్లో, చుట్టం వస్తే మర్యాదకు ఆ ఆకే ఇస్తారు. అక్కడ అది చట్టం ఒప్పుకున్నది. అదే ఆకు జేబులో పెట్టుకొని వేరే దేశంలో దిగితే కేసు అవుతుంది. దీన్ని మన ఏజెన్సీలో గంజాయి మోయించే వాళ్ళ మాటలకు ఎవరూ ముడిపెట్టకండి. ఆ మూటలు మోసి జైళ్ళలో మగ్గుతున్న మన కుర్రాళ్ళ గురించి ఇంకో రోజు గంట సేపు మాట్లాడతాను.

టిఫిన్ అయ్యాక వ్యాను మట్టిరోడ్డు ఎక్కుతుంది. 4,500 మీటర్లు దాటిన చోట దింపుతారు. అక్కడి నుంచి నడక. దూరం చూస్తే మూడు నాలుగు కిలోమీటర్లే, మన పిల్లలు సంతకు నడిచినంత. కానీ అక్కడ గంటన్నర, రెండు గంటలు పడుతుంది. ఎందుకు? తొమ్మిదో తరగతి వాళ్ళు చెప్పండి. పైకి వెళ్తే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందా? తగ్గదు. శాతం అదే, 21. గాలి పలచబడుతుంది. 5,000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డున ఉన్నదానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఒక్కో ఊపిరికి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ఆక్సిజన్ అంత తగ్గిపోతుంది. తల పగిలిపోతుంది, వాంతి వస్తుంది, నాలుగు అడుగులకు నిలబడిపోతారు. దాన్ని వాళ్ళు సొరోచే అంటారు. అందుకే తెలిసిన గైడు, "కుస్కోలో రెండు మూడు రోజులు ఉండి ఒళ్ళు అలవాటు చేసుకొని రండి" అని ముందే చెప్తాడు. విమానం దిగిన మర్నాడే కొండెక్కిస్తానన్నవాడు మంచి గైడు కాదు. ఎవరికైనా మాట తడబడినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా "ఇంకొంచెమే, పైకి రండి" అనకూడదు. కిందికి దింపాలి. ఎత్తు జబ్బుకు మొదటి మందు కిందికి దిగడమే. డబ్బు కట్టిన మనిషిని శిఖరం కనపడే దూరం నుంచి వెనక్కి తిప్పడం తేలిక కాదు. అతను కోప్పడతాడు. అయినా తిప్పాలి. గైడు పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం అదేనని నాకనిపిస్తుంది.

నడవలేని వాళ్ళకు గుర్రాలుంటాయి. రంగుల ఉన్ని బట్టలు కట్టుకున్న ఊరి ఆడవాళ్ళు, మగవాళ్ళు గుర్రం పగ్గం పట్టుకొని పక్కనే నడుస్తారు. వచ్చినవాడు గుర్రం మీద కూర్చొని రొప్పుతుంటే, వాళ్ళు చెప్పులతోనే చకచకా ఎక్కేస్తారు. తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగిన ఒళ్ళు, రక్తంలో హిమోగ్లోబిన్ ఎక్కువ. ఆఖరి నిటారు మెట్టు మాత్రం గుర్రం ఎక్కదు, ఎవరి కాళ్ళ మీద వాళ్ళు ఎక్కాల్సిందే. ఆ గుర్రాల వీడియో చూస్తుంటే నాకు మన డోలీలే గుర్తొచ్చాయి. ఫోటో దిగడానికి వచ్చిన మనిషికి అక్కడ గుర్రం దొరుకుతుంది. పురిటి నొప్పులు పడే మన ఆడపిల్లకు ఇక్కడ ఇంకా రెండు కర్రలు, ఒక దుప్పటి. ఈ మాట టూరు దారిలో లేదు, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

పైకి చేరాం. ఎదురుగా కొండ. ఒక మాట ముందే చెప్పేస్తాను, ఫోటోలో ఉన్నంత ముదురుగా ఆ రంగులు ఉండవు. చాలా ఫోటోల్లో రంగు పెంచేస్తారు. వానాకాలంలో, అంటే అక్కడ డిసెంబరు నుంచి మార్చి దాకా, మంచు కురిస్తే చారలన్నీ కప్పుకుపోయి తెల్ల కొండ కనిపిస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా ఎండాకాలం, అప్పుడు చూడొచ్చు. ఈ సంగతి చెప్పి తీసుకెళ్ళే గైడుకు మంచి పేరు వస్తుంది. మన దగ్గరా అంతే. మేఘాలు ప్రతిరోజూ రావు. రావని ముందు చెప్పండి, డబ్బు తీసుకున్నాక కాదు.

ఇక రంగుల సంగతి. అది ఒకప్పుడు నీళ్ళ అడుగున పొరలు పొరలుగా పేరుకున్న మట్టి, ఇసుక. లక్షల ఏళ్ళలో రాయిగా గట్టిపడి, భూమి అడుగు నుంచి నెట్టుకొస్తే పక్కకు ఒరిగి నిలబడింది. అందుకే పొరలు చారల్లా కనిపిస్తాయి. ఎరుపు ఇనుము తుప్పు. పసుపులో ఇనుముతో పాటు గంధకం ఉన్న ఖనిజాలుంటాయి. ఆకుపచ్చ ఇనుము, మెగ్నీషియం ఉన్న బంకమన్ను. తెలుపు ఇసుకరాయి, సున్నపురాయి. మన చింతపల్లి, జెర్రెల కొండల ఎరుపు కూడా ఇనుము తుప్పే. బాక్సైట్‌లో అల్యూమినియంతో పాటు ఇనుము ఉంటుంది, అందుకే ఆ రాయి ఎర్రగా ఉంటుంది.

టూరిస్టుకు రంగుగా కనిపించేది కంపెనీకి ఖనిజంగా కనిపిస్తుంది. 2018లో ఆ సంగతి బయటపడింది. వినికుంకా కలిసిన ప్రాంతంలో కెనడాకు చెందిన ఒక గనుల కంపెనీ ఖనిజ హక్కు కోసం దరఖాస్తు పెట్టిందని తెలిసి గోల లేచింది. చివరికి కంపెనీ వదులుకుంది. కొండకు అప్పటికే ప్రపంచమంతా పేరు ఉంది కాబట్టి గోల వినపడింది. పేరు లేని కొండల గతి ఏమిటని నేను ఆలోచిస్తుంటాను.

పెరూలో భూమి మీద ఊరికి పట్టా ఉన్నా, భూమి కింద ఖనిజం దేశానిది. 1969లో వెలాస్కో ప్రభుత్వం భూసంస్కరణ తెచ్చి జమీందారీ భూములు పంచింది, 1975లో క్వెచువాను అధికార భాష చేసింది. ఆదివాసుల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 169వ ఒప్పందాన్ని ఆ దేశం 1994లో ఆమోదించింది. మన దేశం ఆ ఒప్పందం మీద ఇప్పటికీ సంతకం పెట్టలేదు. దాని ప్రకారం ఆదివాసుల మీద ప్రభావం పడే పని చేసే ముందు వాళ్ళతో సంప్రదించాలని పెరూలో 2011లో చట్టం చేశారు. మనకు 1996లోనే పెసా వచ్చింది, గ్రామసభకు అధికారం ఇచ్చింది. 1/70 ఉంది. వీటన్నిటి పక్కన 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదన్న తీర్పు అది. ఆ కేసు ఎక్కడ మొదలైందో మీలో ఎంతమందికి తెలుసు? మన అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో. బొర్రా గుహలు చూపించే తమ్ముడు ఒక్కసారైనా ఆ సంగతి టూరిస్టుకు చెప్పాడా? సున్నపురాయి ఊసలు చూపించి, ఇది శివలింగం, ఇది ఏనుగు అని చెప్పి పంపేస్తున్నాం.

మళ్ళీ కొండ దగ్గరికి వద్దాం. డబ్బు ఎవరికి వెళ్తుందో చూద్దాం. పాంపచిరి అనే ఊరి వాళ్ళవి ఆ మేత భూములు. 2018లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ అక్కడికి వెళ్ళి రాసింది. రోజుకు వెయ్యి మంది దాకా వస్తున్నారు, ఊరు మనిషికి సుమారు మూడు డాలర్ల టికెట్టు పెట్టుకుంది, ఏడాదికి నాలుగు లక్షల డాలర్ల దాకా వస్తోంది. పనుల కోసం పట్నాలకు, గనులకు వలసపోయిన కుర్రాళ్ళు వెనక్కి వచ్చారు. ఈ ఒక్క వాక్యం నేను రెండుసార్లు చదివాను. విజయవాడ, హైదరాబాద్, చెన్నై కట్టడాల మీద కూలికి వెళ్ళిన మన పిల్లలు నా కళ్ళ ముందు మెదిలారు.

అదే వార్తలో ఇంకో సంగతి ఉంది. వలస బాతులు దిగే చిత్తడి నేలను పూడ్చి కార్ల పార్కింగ్ చేసేశారు. అయిదు ఫుట్‌బాల్ మైదానాలంత జాగా. కాళ్ళకు, డెక్కలకు నాలుగు కిలోమీటర్ల దారి పొడవునా మట్టి కోసుకుపోయింది. గడ్డి అల్పాకాల మేత, అదే పోతే టూరిస్టు రాని ఏడాది ఏం తింటారు? 2020 మార్చిలో కరోనాతో దేశం సరిహద్దులు మూసుకున్నాయి, టూరిస్టు అన్నవాడే లేడు. అప్పుడు మిగిలింది మందలూ బంగాళదుంపలే. అన్నట్టు మనం సంతలో కొనే బంగాళదుంప పుట్టిల్లు ఆ కొండలే. టికెట్టు ఎవరు వసూలు చేయాలన్న దాని మీద పాంపచిరికీ పక్కనున్న చిల్లిహువానికీ తగవులూ వచ్చాయి. డబ్బు లేనప్పుడు ఒకే చెలమలో నీళ్ళు తాగిన ఊళ్ళే. మనకు కొత్తేం కాదు. పార్కింగ్ డబ్బు దగ్గర అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసిన ఊరు నాకూ ఒకటి తెలుసు, పేరు చెప్పను.

ఇంకొకటి గమనించండి. టికెట్టు ఊరిది, గుర్రం ఊరిది. మరి వ్యాను, గైడు? ఎక్కువగా కుస్కో నగరం నుంచి వస్తారు. పెరూలో గైడు కావాలంటే దానికి చదువు, లైసెన్సు ఉండాలి, అది చట్టం. స్పానిష్, ఇంగ్లీషు ధారాళంగా రావాలి. మేత కొండల మీద పెరిగి, బడి మధ్యలో మానేసిన క్వెచువా కుర్రాడికి అదెక్కడ కుదురుతుంది? పగ్గం అతని చేతిలో ఉంటుంది, కొండ గురించి మాట్లాడేది ఇంకొకరు. అక్కడే పుట్టినవాడు మౌనంగా గుర్రాన్ని నడిపిస్తుంటే, నగరం నుంచి వచ్చినవాడు మైకులో "వీళ్ళు కొండల్ని దేవతలుగా కొలుస్తారు" అని చెప్తాడు.

కొలుస్తారు నిజమే. పెద్ద కొండను వాళ్ళు అపు అంటారు, ఊరిని కాచే పెద్ద అన్నట్టు. ఆ ప్రాంతానికంతా పెద్ద అపు ఔసంగాతె, 6,300 మీటర్లు దాటిన మంచు కొండ. దాని దగ్గర ఏటా కొయ్యుర్ రితి అనే జాతర జరుగుతుంది. 2011లో యునెస్కో దాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఎలుగుబంటి వేషం కట్టినవాళ్ళు రాత్రి మంచుగడ్డ మీదికెక్కి, పవిత్రమైన మంచు పలకలు వీపున మోసుకొచ్చేవారు, ఆ నీళ్ళు మందుగా వాడేవారు. మంచుగడ్డ ఏటేటా చిక్కిపోతోందని చూసి, ఆ పలకలు కోయడం వాళ్ళే మానేశారు. ఎంత గొప్ప సంగతి! కొత్తలు పెట్టకుండా మామిడికాయ ముట్టని మనకు ఆ మాట చెప్పకుండానే అర్థమవుతుంది. ఎప్పుడు తెంచాలో, ఎప్పుడు ఆగాలో కొండ చూసి చెప్పే జనం మనం కూడా.

ఆ కొండ కింద పితుమార్క అనే ఊరి నేత గురించి కూడా చెప్పాలి. అల్పాకా ఉన్నికి ఆకులు, వేళ్ళు, బొమ్మజెముడు మీద పెరిగే కోచినీల్ అనే పురుగు నుంచి తీసిన రంగులు వేస్తారు. కుస్కోలో నీల్దా కల్యఞావుపా అనే క్వెచువా నేతగత్తె 1996లో సంప్రదాయ నేత కేంద్రం మొదలుపెట్టింది. పది ఊళ్ళ నేతవాళ్ళు అందులో ఉన్నారు, పితుమార్క ఒకటి. ముసలవ్వలకే తెలిసిన నేత పద్ధతులను పిల్లలకు నేర్పిస్తున్నారు. ఆవిడ చదువుకుంది, ఇంగ్లీషు మాట్లాడుతుంది, తన నేత గురించి తనే పుస్తకాలు రాసింది. మధ్యలో మాట్లాడేవాడు అవసరం లేకుండా చేసుకుంది. మా హాస్టల్ ఆడపిల్లలు ఆవిడ పేరు నోటుబుక్కులో రాసుకోండి, రేపు అడుగుతాను.

సాయంత్రానికి వ్యాను కుస్కో చేరుతుంది. టూరిస్టు అలసిపోయి పడుకుంటాడు. గుర్రాలతను చీకటి పడే లోపు ఇంటికెళ్ళి మందను దొడ్లో పెట్టుకుంటాడు.

ఇప్పుడు మన పని. ఈ సంఘం యువజన విభాగం వాళ్ళతో మాట్లాడాను. వచ్చే ఆదివారం నుంచి మా హాస్టల్ భోజనాల హాల్లో, పిల్లల భోజనం అయ్యాక, రెండు గంటల సేపు కూర్చుందాం. ప్రథమ చికిత్స నేర్పడానికి ఆరోగ్య కేంద్రం సిస్టరు గారు వస్తానన్నారు. ఇంగ్లీషు నేను చెప్తాను, హిందీ మాస్టారు హిందీ చెప్తారు. జీపు తోలే తమ్ముళ్ళకు మొహమాటం వద్దు, పది తప్పినవాళ్ళు కూడా రండి, పదో తరగతి ఓపెన్ స్కూల్‌లో కట్టించే పూచీ నాది. ఎవరైనా "నీ పేరు మీద లైసెన్సు, పెట్టుబడి నాది" అంటే సంతకం పెట్టే ముందు నా దగ్గరికి కాగితం తీసుకురండి. కొండ దగ్గర టికెట్టు ఉంటే, ఆ డబ్బు లెక్క గ్రామసభలో చదివి వినిపించమని అడగండి. గేటు దగ్గర నీళ్ళ సీసా లెక్క కూడా రాయండి, ఎన్ని పైకి వెళ్ళాయో అన్ని కిందికి రావాలి.

మొదటి తరగతికి అందరూ ఒక పని చేసుకొని రావాలి. మీ ఊరి చుట్టూ ఉన్న ప్రతి కొండకూ, గెడ్డకూ, బండకూ మీ అవ్వ, తాత పిలిచే పేరు అడిగి రాసుకోండి. గూగుల్ మ్యాపులో పేరు కాదు, మన భాషలో పేరు. ఆ పేరు ఎందుకు వచ్చిందో కూడా అడగండి. పేర్లు ఇవ్వదలచిన వాళ్ళు బయట బల్ల దగ్గర రిజిస్టరులో రాయించండి. జోహార్.